హైతీ: స్వేచ్ఛకు కట్టిన కప్పం

బానిసలు తిరగబడి, గెలిచి, సొంత దేశాన్ని నిలబెట్టుకున్న ఘట్టం ప్రపంచ చరిత్రలో ఒక్కటే. ఆ గెలుపుకు జరిమానా కట్టిందీ ఆ గెలిచినవాళ్ళే. తరాల తరబడి కట్టిన ఆ సొమ్ము కథ చదవకుండా హైతీ బోడికొండలు, కూలిన శ్లాబులు, వీధుల్లోని తుపాకులు అర్థం కావు.

2025 నవంబరు 18. కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో ఫుట్‌బాల్ మ్యాచ్. హైతీ 2-0తో నికరాగువాను ఓడించి, 1974 తర్వాత తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సంపాదించింది. లెక్కప్రకారం అది హైతీ సొంతగడ్డ మీద జరగాల్సిన ఆట. కానీ సొంతగడ్డ మీద ఆడే వీలే లేదు. రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌లో చాలా భాగం సాయుధ ముఠాల గుప్పిట్లో ఉంది. జట్టును అంతదూరం తీసుకొచ్చిన ఫ్రెంచి కోచ్ అప్పటికి ఆ దేశంలో అడుగైనా పెట్టలేదు.

నవంబరు 18 అంటే హైతీలో చిన్నపిల్లలకూ తెలుసు. 1803లో అదే రోజున వెర్తియేర్ దగ్గర మాజీ బానిసల సైన్యం నెపోలియన్ పంపిన సేనను చిత్తుచేసింది. ఏడు వారాలు తిరక్కుండానే, 1804 జనవరి 1న, గొనాయీవ్ పట్నంలో ఆ సైన్యాధిపతి డెస్సలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు. తోటల్లో బానిసలు తమ చేత్తో వండి వడ్డించడమే తప్ప తినే హక్కు లేని గుమ్మడికాయ సూప్‌ను ఇప్పటికీ ఏటా జనవరి 1న హైతీలో ఇంటింటా కాచుకుంటారు. యునెస్కో 2021లో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలంగాణలో నాలుగో వంతు విస్తీర్ణం, కోటికి పైగా జనం. అంత ఘనంగా మొదలైన దేశం పశ్చిమార్ధగోళంలో అందరికంటే పేదదిగా ఎలా మిగిలింది? కొందరు శాపం అంటారు, కొందరు పాలకుల అవినీతి అంటారు. అవినీతి నిజమే, దాని వాటా దానికి ఉంది. అయితే ఆ దేశపు పొలం, కొండ, రేవు, ఖజానా, ఏ తీగ పట్టుకుని లాగినా ఒక్క డొంకే కదులుతుంది: కష్టం ఒకరిది, ఫలం వేరొకరిది. ఫలం కష్టపడ్డవాళ్ళ చేతికే దక్కిన కొద్ది చోట్ల మాత్రం చెట్టు నిలిచింది, పని సాగింది.

పంచదార దీవి

కొలంబస్ 1492లో దిగిన దీవుల్లో హైతీ ఉన్న దీవి ఒకటి. అక్కడి తైనో ప్రజలు వెట్టిచాకిరీకి, కొత్త రోగాలకు కొన్ని దశాబ్దాల్లోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. దీవిలో పడమటి మూడో వంతు 1697లో ఫ్రాన్స్ వశమైంది. పేరు సాన్‌డొమింగ్. మైదానాల్లో చెరకు, నీలిమందు. కొండల మీద కాఫీ. 1780ల నాటికి యూరప్ తినే పంచదారలో దాదాపు 40 శాతం, తాగే కాఫీలో సగానికి పైగా ఈ ఒక్క వలస నుంచే వెళ్ళేది. ప్రపంచంలో అంత లాభం తెచ్చిపెట్టే వలస మరొకటి లేదని ఆనాటి వర్తకులు చెప్పుకునేవారు.

ఆ లాభం వెనక దాదాపు ఐదు లక్షల మంది బానిసలు. వాళ్ళ మీద పెత్తనం చేసిన తెల్లవాళ్ళు 40 వేల లోపే. పిల్లల్ని కని పెంచనిచ్చేకంటే ఆఫ్రికా నుంచి కొత్తవాళ్ళను కొనడమే చవకని తోటల యజమానులు లెక్కగట్టారు. 1780ల చివర్లో ఏటా 30 వేలకు పైగా మనుషులు ఓడల్లో వచ్చేవారు. వచ్చినవాళ్ళలో చాలామంది కొన్నేళ్ళకే రాలిపోయేవారు. ఈ వ్యాపారంలో మన తీరం పాత్ర కూడా ఉంది. ఆఫ్రికా రేవుల్లో మనుషులను కొనడానికి ఫ్రెంచి వర్తకులు తీసుకెళ్ళిన సరుకులో భారతదేశపు నూలుబట్ట ముఖ్యమైనది. కోరమాండల్ తీరంలో నేసి, నీలిమందు అద్ది, పుదుచ్చేరి మీదుగా ఓడలెక్కించిన ఆ బట్టకు ‘గినీ’ అని పేరు. మగ్గం ముందు కూర్చున్న మనిషికి తన బట్ట దేనికి మారకం అవుతుందో తెలిసే దారి లేదు.

1791 ఆగస్టులో ఉత్తర మైదానంలో చెరకుతోటలు తగలబడ్డాయి. అలా మొదలైన తిరుగుబాటును దాదాపు దశాబ్దం పాటు నడిపినవాడు తూసాన్ లూవెర్చూర్. బానిసగా పుట్టి, గుర్రాల సాహెణీ పని చేసి, సేనానిగా ఎదిగి స్పెయిన్, బ్రిటన్, ఫ్రాన్స్ సైన్యాలన్నిటినీ ఎదిరించాడు. మాట్లాడదాం రమ్మని పిలిచి 1802లో ఫ్రెంచివాళ్ళు అతణ్ణి బంధించారు. ఫ్రాన్స్‌లోని జురా కొండల చలికోటలో మరుసటేడు ఏప్రిల్‌లో చనిపోయాడు. తర్వాత పోరును ముగించింది అతని సహచరుడు డెస్సలీన్, నెపోలియన్ సేనను పీనుగుల పెంట చేసిన పచ్చజ్వరం. గెలిచాక మిగిలిన ఫ్రెంచివాళ్ళలో చాలామందిని డెస్సలీన్ ఊచకోత కోయించాడు. ఆ నెత్తుటి మరకను సాకుగా చూపి చుట్టుపక్కల బానిస యజమానుల రాజ్యాలన్నీ హైతీని వెలివేశాయి. అమెరికా ఆ దేశాన్ని గుర్తించడానికి 1862 దాకా ఆగింది.

గెలిచినవాడికే జరిమానా

1825 జులైలో పోర్ట్ ఓ ప్రిన్స్ రేవు ముందుకు ఫ్రెంచి యుద్ధనౌకలు వచ్చి నిలిచాయి. మొత్తం 14 ఓడలు, 500 ఫిరంగులు. వాటితోపాటు రాజు పదో చార్లెస్ ఫర్మానా. హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తాం, బదులుగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలి. ఐదు వాయిదాలు. పైగా ఫ్రెంచి ఓడలకు సుంకం సగమే. ఆ సొమ్ము భూములు పోయిన తోటల యజమానులకు పరిహారం. ఆ ‘ఆస్తి’లో మనుషులూ ఉన్నారు. అంటే తమ ఒంటికి తామే ధర కట్టి మాజీ యజమానికి చెల్లించాలన్నమాట. 1803లో ఫ్రాన్స్ లూసియానా అనే మహా భూభాగాన్ని అమెరికాకు అమ్మిన ధర 8 కోట్ల ఫ్రాంకులు. ఈ చిన్న దేశం నెత్తిన పెట్టింది దాదాపు దానికి రెట్టింపు.

అధ్యక్షుడు బోయర్ ఒప్పుకున్నాడు. మొదటి వాయిదా 3 కోట్లు. అది ఆ ఏటి ప్రభుత్వ ఆదాయానికి ఆరింతలు. కట్టడానికి డబ్బెక్కడిది? పారిస్ బ్యాంకర్లే అప్పిచ్చారు. 3 కోట్లకు పత్రం రాయించుకుని, తమ కమీషన్ 60 లక్షలు ముందే కోసుకుని మిగతాది చేతికిచ్చారు. ఆ చేత్తోనే అది పారిస్ ఖజానాకు వెళ్ళింది. పరిహారం ఒక అప్పు, పరిహారం కట్టడానికి తెచ్చింది రెండో అప్పు. 1838లో మిగిలిన బాకీని 6 కోట్లకు తగ్గించినా, అప్పు తీర్చడానికి అప్పు చేసే సుడిగుండం ఆగలేదు.

ఈ భారం మోసింది ఎవరు? రాజధానిలో ఫ్రెంచి మాట్లాడే షావుకార్లు కాదు, క్రియోల్ మాట్లాడే కొండరైతులు. ప్రభుత్వానికి అన్నిటికంటే ముఖ్యమైన ఆదాయం కాఫీ మీద పన్ను. 1911లో కాఫీ పన్నుగా వచ్చిన ప్రతి 3 డాలర్లలో 2 డాలర్ల 53 సెంట్లు ఫ్రెంచి మదుపరుల బాకీలకే పోయాయి. మిగిలిన 47 సెంట్లతో బడి, దవాఖానా, రోడ్డు, రక్షిత నీరు అన్నీ నడవాలి. 1880లో పెట్టిన ‘జాతీయ బ్యాంకు’ కూడా పేరుకే జాతీయం. దాన్ని పెట్టింది, లాభాలు తీసుకెళ్ళింది పారిస్‌కు చెందిన సీఐసీ బ్యాంకు. ఈఫిల్ టవర్ నిర్మాణానికి పెట్టుబడి సమకూర్చినవాళ్ళలో ఆ బ్యాంకూ ఉంది.

తర్వాతి వంతు అమెరికాది. 1914 డిసెంబరులో అమెరికన్ మెరైన్లు ఆ బ్యాంకులోంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని పట్టపగలు తుపాకీ పడవలో న్యూయార్క్‌కు తరలించారు. మరుసటేడు దేశాన్నే ఆక్రమించి 1934 దాకా పాలించారు. పరదేశీయులు భూమి కొనకూడదన్న పాత నిషేధాన్ని 1918 రాజ్యాంగంతో ఎత్తేశారు. రోడ్లేయడానికి రైతులను వెట్టికి పట్టుకెళ్ళారు. తిరగబడిన రైతుల నాయకుడు పెరాల్ట్‌ను కాల్చి చంపి, శవాన్ని తలుపుకు కట్టి తీసిన ఫొటోను ఊళ్ళ మీద వెదజల్లారు. ఆ చిత్రమే అతణ్ణి జనం గుండెల్లో వీరుణ్ణి చేసింది. పరిహారం నుంచి పుట్టిన బాకీలు పూర్తిగా తీరింది 1947లో. న్యూయార్క్ టైమ్స్ 2022లో పాత రికార్డులు తవ్వి వేసిన లెక్కలో హైతీ కట్టింది నేటి విలువలో 56 కోట్ల డాలర్లు. ఆ సొమ్ము దేశంలోనే తిరిగి ఉంటే కలిగే ఎదుగుదల లెక్కిస్తే నష్టం 2,100 కోట్ల నుంచి 11,500 కోట్ల డాలర్ల దాకా తేలింది.

సొంత పాలకుల ఖాతా వేరే ఉంది. బోయరే 1826లో గ్రామీణ చట్టం తెచ్చి రైతును మళ్ళీ తోటలకు కట్టేయాలని చూశాడు. 1957 నుంచి 1986 దాకా తండ్రీకొడుకులు డువాలియేలు ‘తోంతోం మకూత్’ అనే ప్రైవేటు సేనతో దేశాన్ని భయంలో ముంచారు. వేలమందిని చంపించారు. కొడుకు ఖజానా ఊడ్చుకుని పారిపోయి ఆశ్రయం పొందింది కూడా ఫ్రాన్స్‌లోనే.

కొండ ఎలా బోడిదైంది?

హైతీకీ, పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కూ మధ్య సరిహద్దును విమానంలోంచి తీసిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు పచ్చటి అడవి, మరోవైపు గోధుమరంగు గుట్టలు. ‘చూశారా, హైతీవాళ్ళు చెట్లన్నీ నరికి బొగ్గు చేసుకున్నారు’ అనడానికి ఆ ఒక్క ఫొటో చాలు అనుకుంటారు.

నరుకుడు మొదలుపెట్టింది హైతీ రైతు కాదు. మైదానాల అడవిని చెరకు మింగింది, కొండల అడవిని ఫ్రెంచివాళ్ళ కాఫీతోటలు మింగాయి. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకం కావాలంటే అమ్మడానికి మిగిలింది కాఫీ, కలప. మహాగని దూలాలు, రంగు తీసే కలప ఓడలకొద్దీ యూరప్‌కు పోయాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రబ్బరు కొరత తీర్చుకోవడానికి అమెరికా పెట్టుబడితో ‘షాదా’ అనే సంస్థ వచ్చింది. రైతుల పండ్లచెట్లు, ఇళ్ళు తీసేయించి పాలతీగ వేయించింది. రబ్బరు సరిగా రాలేదు. 1944లో పథకం మూసేసి వెళ్ళిపోయారు. చెట్లు తిరిగి రాలేదు.

రైతుకు మిగిలింది వాలు భూమి. అదీ తరం తరానికీ అన్నదమ్ముల మధ్య ముక్కలైంది. వాలు మీద మొక్కజొన్న, చిక్కుడు వేస్తే చేతికొచ్చేది ఆ ఏటి తిండి. వాన పడితే పైమట్టి కిందికి జారుతుంది. ఆ మట్టి వాగుల్లోకి, వాగుల నుంచి అర్తిబొనీత్ నదిలోకి చేరుతుంది. ఆ నది మీద 1956లో కట్టిన పెలీగ్ర్ ఆనకట్ట దేశంలో పెద్ద జలాశయం. అందులో సగం దాకా ఒండ్రు పేరుకుంది. పైన కొండ కోసుకుపోతే కింద కాలువకు నీరు, పట్నానికి కరెంటు రెండూ తగ్గుతాయి. 2004 సెప్టెంబరులో ‘జీన్’ తుపాను వానకు బోడికొండల నీరంతా ఒక్కపెట్టున గొనాయీవ్ మీద పడింది. దాదాపు మూడు వేలమంది చనిపోయారు. అదే తుపాను పక్క దేశంలో పదుల సంఖ్యలోనే ప్రాణాలు తీసింది.

‘హైతీలో అడవి రెండు శాతమే’ అన్న అంకె దశాబ్దాలుగా తిరుగుతోంది. ఉపగ్రహ చిత్రాలతో చేసిన లెక్కల్లో చెట్ల విస్తీర్ణం అంతకంటే చాలా ఎక్కువ తేలింది. పాత దట్టమైన అడవి మిగిలింది కొద్దే, అది నిజం. మిగతాదంతా రైతులు గట్ల మీద, పెరళ్ళలో, బీళ్ళలో సాకుతున్న చెట్లు. చాలాచోట్ల వాళ్ళు చెట్టును మొదలంటా నరకరు. మోడు వదిలి, చిగుళ్ళు కొమ్మలయ్యాక మళ్ళీ కోస్తారు. బొగ్గు వాళ్ళకు ఒక పంట.

కొన్ని చెట్ల జోలికి గొడ్డలి పోదు. అందులో మొదటిది మామిడి. ‘ఫ్రాన్సిస్’ రకం పండు అమెరికా మార్కెట్లకు ఎగుమతి అవుతుంది. ఏటా కాపు డబ్బిచ్చే చెట్టును ఎవరూ బట్టీలో పెట్టరు. రైతుకు అడవి విలువ బోధించాలని లక్షల మొక్కలు నాటించిన పథకాలెన్నో ఎండిపోయాయి. చెట్టు ఎవరిదో, కాపు ఎవరికో తేలని చోట మొక్కకు నీళ్ళు పోసేవాళ్ళు ఉండరు.

మన సర్కారు తుమ్మకు అక్కడ ‘బయావోన్’ అని పేరు

మన మెట్టనేలల్లో, చెరువుగట్ల మీద, రైలుపట్టాల పక్కన అల్లుకున్న సర్కారు తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండాల ఎండ నేలలు, కరీబియన్ తీరాలు. బ్రిటిష్ కాలంలో మనదేశానికి తెచ్చారు. హైతీ ఎండ ప్రాంతాల్లో దాన్ని ‘బయావోన్’ అంటారు. అక్కడి బొగ్గుకు ముఖ్యమైన చెట్లలో అదొకటి. పదిళ్ళలో తొమ్మిదిళ్ళ వంట కట్టెలు, బొగ్గుల మీదే.

బట్టీ పద్ధతి అనంతపురం, ప్రకాశం పల్లెల్లో చూసినవాళ్ళకు కొత్తగా అనిపించదు. మొద్దులను గుమ్మటంలా పేర్చి, సందుల్లో పుల్లలు కూరి, పైన ఆకు, గడ్డి కప్పి, దాని మీద మట్టి మెత్తుతారు. అడుగున నిప్పు పెట్టి కన్నం మూస్తారు. తర్వాత రోజుల తరబడి కాపలా. పొగ తెల్లగా ఉంటే చెమ్మ ఇంకా ఉన్నట్టు, నీలిగా పలచబడితే బొగ్గు తయారైనట్టు. మట్టి ఎక్కడైనా పగిలి గాలి దూరిందా, అర్ధరాత్రయినా లేచి పూడ్చాలి; ఆలస్యమైతే తెల్లారేసరికి మిగిలేది బూడిద. ఆ బస్తాలు లారీల్లో రాజధానికి చేరతాయి. గ్యాసు కొనలేని పట్నం వంటింటికీ, నగదు లేని పల్లెకూ మధ్య వంతెన ఆ బస్తానే.

పందులు పోయాయి, బియ్యం వచ్చాయి

హైతీ పల్లెలో ఒకప్పుడు ఇంటింటా నల్లపంది ఉండేది. చిన్న ఒళ్ళు, గట్టి ప్రాణం. పెంటకుప్పల మీద, రాలిన పండ్ల మీద బతికేది. మన మెట్టపల్లెల్లో మేక ఎలాగో అక్కడ పంది అలాగ: బడి ఫీజుకు, పెళ్ళికి, చావుకు, రోగానికి అమ్ముకునే రొక్కం. 1978లో దీవిలోకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. తమ పందుల పరిశ్రమకు అంటుకుంటుందని అమెరికా భయపడింది. దాని ఒత్తిడితో 1983కల్లా హైతీలోని పందులన్నిటినీ ఏరివేశారు. రోగం ఉన్నవీ, లేనివీ అన్నీ పోయాయి. బదులుగా అయోవా నుంచి తెల్లపందులు తెచ్చారు. వాటికి సిమెంటు గచ్చు కావాలి, శుభ్రమైన నీరు కావాలి, కొనుక్కొచ్చిన దాణా కావాలి. సొంత పిల్లలకే ఇవి లేని రైతులు వాటికి ‘నాలుగు కాళ్ళ రాకుమారులు’ అని పేరు పెట్టారు. పంది పోయాక అక్కరకు చేతికందే రొక్కం చెట్టే అయింది.

అర్తిబొనీత్ లోయ హైతీకి అన్నపూర్ణ. 1980ల మొదట్లో దేశం తినే బియ్యంలో చాలా భాగం అక్కడే పండేది. 1986 తర్వాత అంతర్జాతీయ ద్రవ్య సంస్థల షరతులతో మార్కెట్ తెరుచుకుంది. 1995లో దిగుమతి బియ్యం మీద సుంకాన్ని 35 శాతం నుంచి 3 శాతానికి కోశారు. అమెరికా ప్రభుత్వం సబ్సిడీలిచ్చి పండించిన బియ్యం ‘మయామి బియ్యం’ పేరుతో రేవుల్లో దిగింది. మడి చేసిన రైతు గింజ కంటే సముద్రం దాటొచ్చిన గింజ చవకైంది. ఇప్పుడు హైతీ తినే బియ్యంలో 80 శాతానికి పైగా దిగుమతే. ఆ నిర్ణయం నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2010 మార్చిలో సెనేట్ కమిటీ ముందు అది తప్పేనన్నాడు. తన అర్కన్సా రైతులకు మేలు చేసి ఉండొచ్చు గానీ హైతీ రైతుకు తన పంట తాను పండించుకునే శక్తి పోయిందని, ఆ భారంతో బతకాల్సిందేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నంత మాత్రాన సుంకం పెరగలేదు.

మడి వదిలినవాళ్ళు ఎక్కడికి పోతారు? కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలున్న రాజధానికి. 1950లో లక్షన్నర జనాభా కూడా లేని పోర్ట్ ఓ ప్రిన్స్ పరిసరాల్లో 2010 నాటికి పాతిక లక్షలకు పైగా పోగుబడ్డారు. కొండవాలు మీద, వాగు పోరంబోకు మీద ఇల్లు మీద ఇల్లు లేచింది.

శ్లాబు కింద, నీళ్ళలో

2010 జనవరి 12 సాయంత్రం 4 గంటల 53 నిమిషాలకు భూమి కంపించింది. తీవ్రత 7.0. మృతుల లెక్క లక్ష నుంచి మూడు లక్షల దాకా రకరకాలుగా చెబుతారు. 15 లక్షల మంది వీధిన పడ్డారు. ఆరు వారాలకు చిలీలో 8.8 తీవ్రతతో కంపించింది. విడుదలైన శక్తి వందల రెట్లు. చనిపోయింది ఐదువందల పైచిలుకు.

తేడా శ్లాబులో ఉంది. హైతీవాడికి ఏటా భయపెట్టే శత్రువు తుపాను. రేకు ఎగిరిపోతుంది, కాంక్రీటు ఎగరదు. అందుకే రూపాయి రూపాయి కూడబెట్టి బరువైన శ్లాబు వేస్తారు. కింద మాత్రం సిమెంటు తగ్గించిన ఇటుకలు, సన్నటి కడ్డీల స్తంభాలు. గాలికి నిలిచే ఇల్లే కంపానికి సమాధి అయింది. పాతకాలపు చెక్క ఇళ్ళు చాలావరకు ఊగి నిలబడ్డాయి. భవన నిబంధనలు రాసి, తనిఖీ చేసి, ఇంజినీరుకు జీతమిచ్చే ప్రభుత్వమే అక్కడ ఎన్నడూ సరిగా లేదు. కాఫీ పన్నులో 47 సెంట్లతో నడిచిన రాజ్యానికి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

ప్రపంచం కదిలింది, వందల కోట్ల డాలర్లు ప్రకటించింది. తొలి సహాయ నిధుల్లో హైతీ ప్రభుత్వం చేతుల మీదుగా ఖర్చయింది ఒక్క శాతం దాకానే. అవినీతి భయం అన్నారు. ప్రభుత్వాన్ని పక్కనబెట్టి పనిచేసిన కొద్దీ అది ఇంకా బలహీనపడింది. విదేశీ సంస్థలు వాహనాలు, గెస్ట్‌హౌస్‌లు, నిపుణులతో వచ్చి, పథకం గడువు తీరాక వెళ్ళిపోయాయి.

అదే ఏడాది అక్టోబరులో కలరా. అంతకుముందు కనీసం నూరేళ్ళుగా హైతీలో కలరా జాడ లేదు. మిర్‌బలే దగ్గర మేయ్ అనే వాగు ఒడ్డున ఐక్యరాజ్యసమితి శాంతిసేనల శిబిరం ఉండేది. అప్పుడే వచ్చిన నేపాలీ దళం మరుగుదొడ్ల మురుగు ఆ వాగులో కలిసింది. వాగు అర్తిబొనీత్‌లో కలుస్తుంది. మడిలో దిగి నాట్లేసేవాళ్ళు, ఆ కాలువ నీరే తాగేవాళ్ళు మొదట పడిపోయారు. 8 లక్షల మందికి పైగా రోగం సోకింది, దాదాపు 10 వేలమంది చనిపోయారు. ఐరాస తన బాధ్యత గురించి క్షమాపణ చెప్పింది 2016 డిసెంబరులో. బాధితుల కోసం ప్రకటించిన 40 కోట్ల డాలర్ల నిధికి సభ్యదేశాలు విదిల్చింది చాలా కొద్ది.

తుపాకీ రాజ్యం

ఇక ఇప్పటి ముఠాలు. అవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎన్నికలప్పుడు మురికివాడల ఓట్లను అదుపు చేయడానికి నాయకులు, రేవుల మీద పట్టు కోసం వ్యాపారులు కుర్రాళ్ళకు తుపాకులిచ్చి పెంచారు. వెనెజులా చవకగా ఇచ్చిన పెట్రోలు పథకంలో రెండొందల కోట్ల డాలర్ల దాకా గల్లంతైందని 2018లో యువత ‘ఆ సొమ్మేదీ?’ అంటూ రోడ్డెక్కింది. జవాబు రాలేదు. 2021 జులై 7న అధ్యక్షుడు మొయీజ్‌ను ఆయన ఇంట్లోనే కాల్చి చంపారు. ఆ ఆగస్టులోనే దక్షిణాన మరో భూకంపం రెండు వేలమందికి పైగా బలితీసుకుంది. పెంచిన చేతులు బలహీనపడ్డాక ముఠాలు సొంతంగా ఏలడం మొదలెట్టాయి. 2024 మార్చిలో అవన్నీ ఒక్కటై రెండు జైళ్ళు బద్దలుకొట్టి వేలమంది ఖైదీలను వదిలేశాయి. విమానాశ్రయం మూతపడింది. అక్కడ చిక్కుకున్న భారతీయులను మన విదేశాంగ శాఖ పొరుగు దేశానికి తరలించింది. ఆ పనికి పెట్టుకున్న పేరు మన గోదావరి ఉపనది పేరే: ఆపరేషన్ ఇంద్రావతి.

ఐరాస లెక్కలో 2024 ఒక్క ఏడాదిలో హింసకు బలైనవాళ్ళు 5,600 మందికి పైగా. 2025 నడుమకు ఇళ్ళు వదిలినవాళ్ళు 13 లక్షలు. ముఠాలు పల్లెకూ పాకాయి. 2024 అక్టోబరులో అర్తిబొనీత్ లోయలోని పోన్‌సోందే మీద పడి వందమందికి పైగా చంపాయి. వరిపొలాల దారిలో టోల్ గేట్లు పెట్టి, బస్తాకింతని వసూలు చేస్తాయి. సరుకు నెత్తినపెట్టుకుని ఊరూరా తిరిగే ‘మదాం సారా’లకు, అంటే హైతీ సంతలను నడిపే ఆడ వర్తకులకు, ఆ దారే బతుకు.

హైతీలో తుపాకుల ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. అవి ఎక్కువగా అమెరికా నుంచి, ఫ్లోరిడా రేవుల గుండా బియ్యం, పాతబట్టల కంటెయినర్లలో దాక్కుని వస్తాయి. కెన్యా నాయకత్వంలో 2024 జూన్‌లో వెళ్ళిన బహుళదేశ పోలీసు దళానికి అనుకున్న మనుషులూ రాలేదు, డబ్బూ రాలేదు. 2025 సెప్టెంబరు చివర్లో భద్రతామండలి దాని స్థానంలో ఇంకా పెద్ద దళానికి అనుమతిచ్చింది. తుపాకులు వచ్చే రేవును కట్టడి చేయకుండా దళాలను పంపుతూ పోతే లెక్క ఎప్పటికీ తేలదు.

కాలువ ఆగదు

ఈశాన్య సరిహద్దులో వానామింత్ అనే పట్నం. రెండు దేశాల మధ్య పారే నది పేరు మసాకర్, ఊచకోత నది. 1937లో డొమినికన్ నియంత త్రుహియో సరిహద్దు పొడవునా వేలమంది హైతీ కూలీలను చంపించినప్పుడు ఆ పేరు రెండోసారి నిజమైంది. ఆ నది నుంచి మరిబారూ మైదానానికి నీళ్ళు మళ్ళించే కాలువ పని ప్రభుత్వ పథకంగా మొదలై, అధ్యక్షుడి హత్యతో ఆగిపోయింది.

2023 ఆగస్టులో కరవు ముదిరినప్పుడు రైతులే పారలు పట్టారు. తమ వైపు నీరు తగ్గుతుందని డొమినికన్ అధ్యక్షుడు అబినాదర్ సెప్టెంబరు 15న మొత్తం సరిహద్దు మూసేశాడు. బెదిరింపుగా చేసిన పని ఎదురు తిరిగింది. మేస్త్రీలు వచ్చారు, చర్చిలు చందాలు పోగేశాయి, విదేశాల్లోని హైతీవాళ్ళు డబ్బు పంపారు, ఎవరో సిమెంటు బస్తాలు దింపారు, ఎవరో పనివాళ్ళకు వంటలు చేశారు. ‘కనాల్ లా పాప్ కాంపే’, కాలువ ఆగదు, అన్నది పాటలయింది, గోడరాతలయింది. గుత్తేదారు లేడు, విదేశీ కన్సల్టెంటు లేడు. హైతీ పల్లెల్లో ‘కొంబిట్’ అని పాత పద్ధతి ఒకటుంది. ఇవాళ నీ చేలో, రేపు నా చేలో అందరూ కలిసి చేసే బదులు పని. ఆ పద్ధతే కాలువ గట్టెక్కింది.

ఈ ఒక్క కాలువ ముఠాలను ఓడించదు. అయినా ప్రభుత్వం లేనట్టే ఉన్న దేశంలో, నూరేళ్ళ సాయం చేయలేని పని ఎలా జరుగుతుందో చూపించింది. తవ్వేవాడికి తెలుసు, పారే నీరు తన మడికే వస్తుందని. మామిడిచెట్టు కథ, కాలువ కథ వేర్వేరు కావు.

ఇక పాత బాకీ. 2003లో నాటి అధ్యక్షుడు అరిస్టీడ్ ఫ్రాన్స్‌ను 2,100 కోట్ల డాలర్లకు పైగా తిరిగిమ్మని అడిగాడు. మరుసటేడు ఫిబ్రవరిలో తిరుగుబాటుదారుల ఒత్తిడి, విదేశీ శక్తుల ప్రమేయం మధ్య ఆయన పదవి పోయింది, కోరికా మూలపడింది. ఫర్మానా మీద రాజు సంతకానికి సరిగ్గా రెండొందల ఏళ్ళు నిండిన 2025 ఏప్రిల్ 17న ఫ్రాన్స్ అధ్యక్షుడు మెక్రాన్ ఆ అన్యాయాన్ని ఒప్పుకుని, ఉభయదేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామన్నాడు. డబ్బు మాట మాత్రం ఎత్తలేదు.

డబ్బు మాట ఎత్తాల్సిందే. దయగా కాదు, బాకీగా. అయితే ఆ సొమ్ము రేపు నిజంగా వచ్చినా పోర్ట్ ఓ ప్రిన్స్‌లోని పదిమంది చేతుల్లోనో, పారిస్, వాషింగ్టన్ సలహాదారుల బిల్లుల్లోనో ఇంకిపోతే పాత కథే. అర్తిబొనీత్ వరికి తగిన సుంకం రక్షణ, వాలు భూమి మీద రైతుకు తిరుగులేని పట్టా, శ్లాబు కింద సరైన కడ్డీ చూసే ఇంజినీరుకు జీతం, ఫ్లోరిడా రేవులో కంటెయినరు తెరిచి చూసే తనిఖీ: ఇవి పెద్ద మాటలు కావు, చేయగల పనులు. హైతీ పేరుతో వచ్చే ప్రతి ఒప్పందాన్నీ, ప్రతి విరాళాన్నీ, ప్రతి సైనిక దళాన్నీ ఒక్క ప్రశ్నతో తూచొచ్చు. పండేది ఎవరి చేతికి? 1825లో ఆ ప్రశ్నకు ఫిరంగులు జవాబు చెప్పాయి. ఇప్పుడు జవాబు చెప్పే హక్కు ఆ పంట పండించేవాళ్ళది.